ఛాయాచిత్రంలో ఛాయ: ఇంటి స్టూడియో, పోర్ట్రెయిట్, రీటచింగ్

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఇంట్లోనే పోర్ట్రెయిట్లు తీసే పద్ధతిని ఒక చారిత్రక ఉదాహరణతో వివరించగలుగుతారు.
• రీటచింగ్ ఎందుకు మొదలైందో, అవసరం తగ్గాక కూడా ఎందుకు కొనసాగిందో చెప్పగలుగుతారు.
• కిటికీ వెలుతురుతో పోర్ట్రెయిట్ తీసేటప్పుడు గమనించవలసిన అంశాలను గుర్తించగలుగుతారు.
• రీటచింగ్ చేసిన ఒక పోర్ట్రెయిట్ మంచిచెడ్డలను కొన్ని ప్రమాణాలతో విమర్శించగలుగుతారు.

1. ప్రవేశిక

మా ఇంటి ముందుగదిలో గోడకు మా అమ్మ పటం ఉంది. ఆమె పోయినప్పుడు పదకొండో రోజుకల్లా పటం సిద్ధం కావాలని, ఒక పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి ఆమె ముఖాన్ని వేరుచేయించి, ఊళ్లోని ఒక స్టూడియోలో పెద్దది చేయించాం. వచ్చిన బంధువులంతా పటం బాగుందన్నారు. నాకూ బాగుందనే అనిపించింది. మా అమ్మకు చిన్నతనంలో అమ్మవారు పోసింది. ఆ మచ్చలు చెంపల మీద, ముక్కు మీద ఆమె బతికినన్నాళ్లూ ఉన్నాయి. ఆమె రంగు చామనఛాయ కన్నా ఒక పాలు నలుపు. పటంలో ఉన్నావిడకు ఒక్క మచ్చా లేదు. రంగు గోధుమవన్నె. స్టూడియో అతన్ని అలా చేయమని మేమెవ్వరం అడగలేదు. మాకు మేలు చేస్తున్నాననుకునే అతను ఆ పని చేశాడు.

చాలా ఏళ్ల తరవాత మా మనవరాలు పాత ఆల్బమ్ తిరగేస్తూ, అమ్మ అసలు ఫోటో దగ్గర ఆగి, "తాతయ్యా, ఈమె ఎవరు?" అని అడిగింది. రోజూ ఆ పటం కిందే కూర్చుని హోంవర్కు చేసుకునే పిల్ల అది.

ఈ పాఠం ఆ ప్రశ్నకు సంబంధించినది. నేడు చేతిలో ఫోనున్న ప్రతివారూ ఫోటోగ్రాఫరే. ఇంట్లో ఒక కిటికీ, ఒక దుప్పటి, ఒక కంప్యూటర్ ఉంటే స్టూడియో పని చాలావరకు ఇంట్లోనే చేసుకోవచ్చు. కెమెరా నొక్కిన చేతే తరవాత ముఖాన్ని దిద్దుతోంది. కాబట్టి స్టూడియో అతను ఒకప్పుడు మన తరఫున తీసుకున్న నిర్ణయాలు ఇప్పుడు మనవి. ఏ గీతను ఉంచాలి, ఏ మచ్చను తీసేయాలి, ఏ రంగును మార్చాలి? ఇవి పైకి సాంకేతికమైన ప్రశ్నల్లా కనిపిస్తాయి. నిజానికి ఇవి విమర్శకు సంబంధించిన ప్రశ్నలు. రీటచింగ్ తప్పా ఒప్పా అని వాదించడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ఒక దిద్దుబాటు మనల్ని ఆ మనిషికి దగ్గర చేస్తోందా, దూరం చేస్తోందా అని తేల్చుకోవడం ఎలాగో తెలుసుకోవడమే దీని ఉద్దేశం.

2. కోళ్ల గూట్లో స్టూడియో: జూలియా మార్గరెట్ కామెరాన్

ఇంట్లో స్టూడియో అనేది కొత్త విషయం కాదు. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ జూలియా మార్గరెట్ కామెరాన్. ఆమె 1815లో కలకత్తాలో పుట్టింది, 1879లో సిలోన్‌లో మరణించింది. ఫోటోగ్రఫీ చేసిన కాలంలో ఎక్కువ భాగం ఇంగ్లండుకు దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిలో, ఫ్రెష్‌వాటర్ అనే ఊళ్లో నివసించింది. 1863 డిసెంబరులో కూతురు, అల్లుడు ఆమెకు ఒక కెమెరా బహుమతిగా ఇచ్చారు. అప్పటికి ఆమె వయసు 48. బొగ్గులు దాచుకునే గదిని డార్క్ రూమ్‌గా మార్చుకుంది. అద్దాలు బిగించిన కోళ్ల గూటిని స్టూడియోగా చేసుకుంది. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపాపను తీసిన చిత్రాన్ని తన మొదటి విజయంగా చెప్పుకుంది.

ఆనాటి పద్ధతిని కొలోడియన్ పద్ధతి అంటారు. గాజుపలక మీద రసాయనం పూసి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫోటో తీసి, వెంటనే కడగాలి. కామెరాన్ వాడిన పలకలు పెద్దవి. చిత్రం పడడానికి నిమిషాలు పట్టేది. అంతసేపు కదలకుండా కూర్చోవడం ఎవరికైనా కష్టమే. అందువల్ల ఆమె చిత్రాల్లో కొంత మసక ఉంటుంది. పలక మీద రసాయనపు చారలు, వేలిముద్రలు, గీతలు కూడా చాలాచోట్ల కనిపిస్తాయి. వృత్తి ఫోటోగ్రాఫర్ల పత్రికలు దీన్ని చేతకానితనంగా ఎంచి ఆమెను తప్పుపట్టాయి. మరోవైపు లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం 1865లోనే ఆమె చిత్రాలను సేకరించింది. 1868లో ఆమె స్టూడియోగా వాడుకోవడానికి రెండు గదులు కూడా ఇచ్చింది.

ఆమె చిత్రాల్లో ఒకదాన్ని దగ్గరగా పరిశీలిద్దాం. 1867 ఏప్రిల్‌లో ఆమె తన సామగ్రి అంతా మోయించుకుని కెంట్ ప్రాంతంలోని సర్ జాన్ హెర్షెల్ ఇంటికి వెళ్లింది. హెర్షెల్ ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఫోటోను చెరిగిపోకుండా నిలబెట్టే హైపో గుణాన్ని కనిపెట్టినవాడు. నెగెటివ్, పాజిటివ్ అనే మాటలను ఫోటోగ్రఫీకి ఇచ్చినవాడు. అప్పటికి ఆయన వయసు 75. కామెరాన్ ఆయన చేత తల కడిగించి, జుట్టు చెదిరేలా చేయించింది. భుజాల మీద నల్లటి బట్ట కప్పింది. కెమెరాను ముఖానికి చాలా దగ్గరగా జరిపింది. చిత్రంలో చీకటిలోంచి ఒక ముఖం, దాని చుట్టూ వెలుగు పట్టుకున్న తెల్లజుట్టు కనిపిస్తాయి. నుదుటి గీతలు, కళ్ల కింది సంచులు, చెంపల ముడతలు దేనినీ ఆమె చెరపలేదు.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఈ చిత్రం ఉన్నది ఉన్నట్టు తీసినది కాదు. జుట్టు, బట్ట, చీకటి అన్నీ ఆమె ఏర్పాటే. నెగెటివ్ మీద ఆమె ఎన్నడూ చేయిపెట్టలేదనడం కూడా నిజం కాదు. కొన్ని చోట్ల పలకను గీకి దిద్దింది, కొన్ని చిత్రాలకు ఒకటికన్నా ఎక్కువ నెగెటివ్‌లు కలిపింది. రెండవది, హెర్షెల్ చిత్రంలో ఆమె చేసిన ఏర్పాట్లన్నీ ఆ ముఖాన్ని చూపించడానికే ఉపయోగపడ్డాయి, దాచడానికి కాదు. సహజం, కృత్రిమం అనే విభజన పోర్ట్రెయిట్ విమర్శకు పెద్దగా పనికిరాదు. పోర్ట్రెయిట్ అంతా కొంత కృత్రిమమే. ఆ కృత్రిమత్వం మనిషి వైపు నడిచిందా, మనిషి నుంచి పక్కకు తప్పుకుందా అన్నదే అసలు ప్రశ్న.

కామెరాన్ కూడా ఈ ప్రశ్నకు అతీతురాలు కాదు. హెర్షెల్, టెన్నిసన్, కార్లైల్ వంటి పురుషుల చిత్రాలకు వారి పేర్లే ఉంటాయి, వారి వయసు గీతలన్నీ కనిపిస్తాయి. ఇంట్లో పనిచేసిన మేరీ హిల్లియర్ ముఖం మాత్రం ఎన్నో చిత్రాల్లో మడోన్నాగానో, మరో పురాణ స్త్రీగానో కనిపిస్తుంది. మసకలో మృదువుగా మారిన ముఖం, దాని కింద వేరే పేరు. మేనకోడలు జూలియా జాక్సన్‌ను ఆమె సొంత పేరుతోనే చూపిన గొప్ప చిత్రాలు లేకపోలేదు. అయినా మొత్తం మీద పురుషుడు వ్యక్తిగా, స్త్రీ అందానికి గుర్తుగా కనిపించే ధోరణి ఆమె పనిలో ఉంది. ఈ తేడా నేటికీ మన ఇళ్లలో ఉంది. తాతయ్య ముడతలను అనుభవం అంటాం. అమ్మమ్మ ముడతలను టచింగ్ చేయమంటాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1) కామెరాన్ తన స్టూడియోను, డార్క్ రూమ్‌ను ఎక్కడ ఏర్పాటు చేసుకుంది?
2) హెర్షెల్ చిత్రాన్ని 'ఉన్నది ఉన్నట్టు' తీసిన చిత్రం అని ఎందుకు అనలేం?

3. నెగెటివ్ మీద పెన్సిల్

మ్యూనిక్ నగరానికి చెందిన ఫ్రాంజ్ హాన్ఫ్‌స్టాంగ్ల్ 1855 పారిస్ ప్రదర్శనలో ఒకే పోర్ట్రెయిట్‌ను దిద్దకముందు, దిద్దిన తరవాత చూపి జనాన్ని ఆశ్చర్యపరిచాడని ఫోటోగ్రఫీ చరిత్రలు చెబుతాయి. అప్పటినుంచి నెగెటివ్‌ను దిద్దడం స్టూడియో పనిలో భాగమైంది. నెగెటివ్‌లో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది కదా. కాబట్టి నెగెటివ్ మీద ఒక లేత చుక్కను సన్నటి పెన్సిల్ మొనతో నల్లగా చేస్తే, కాగితం మీద పడే చిత్రంలో ఆ నల్లమచ్చ మాయమవుతుంది. అనవసరంగా వెలుగుతున్న చోటును తగ్గించాలంటే నెగెటివ్‌ను కత్తి మొనతో గీకేవారు. కాగితం మీద మిగిలిన చిన్న తెల్లచుక్కలను కుంచెతో నింపేవారు. ఫిలిం కాలంలో మన ఊళ్ల స్టూడియోలవాళ్లు ఈ పనినంతటినీ టచింగ్ అనేవారు.

ఈ అలవాటు వెనక ఒక సాంకేతిక కారణం ఉంది. దాన్ని తెలుసుకోకుండా రీటచింగ్‌ను నిందించడం న్యాయం కాదు. తొలినాటి పలకలకు నీలి కాంతి బాగా అందేది, ఎరుపు దాదాపు అందేది కాదు. మనిషి చర్మంలో ఎరుపు, గోధుమ వర్ణాలు ఎక్కువ. అందువల్ల కంటికి అంతగా కనిపించని ఎర్రటి మచ్చ కూడా ఫోటోలో నల్లటి చుక్కగా పడేది. చామనఛాయ ముఖం ఉన్నదానికన్నా నల్లగా వచ్చేది. అంటే పలక ముఖం గురించి తప్పు చెబుతోంది, పెన్సిల్ ఆ తప్పును సరిచేస్తోంది. అంతవరకు రీటచింగ్ నిజానికి సాయమే చేసింది.

అన్ని రంగులనూ పట్టుకోగల పాంక్రొమాటిక్ పలకలు 1906 నుంచి మార్కెట్లోకి వచ్చాయి. తరవాత అవి, అదే రకం ఫిలిం క్రమంగా వాడుకలో స్థిరపడ్డాయి. పలక చేసే తప్పు తగ్గింది. కాని పెన్సిల్ ఆగలేదు. పలక లోపాన్ని దిద్దడానికి పుట్టిన పని ముఖంలోని 'లోపాన్ని' దిద్దే పనిగా మారింది. కారణం పోయినా అలవాటు మిగిలింది. నేడు ఫోన్లలో బ్యూటీ మోడ్ అనేది కొన్నింట్లో మనం అడక్కముందే పనిచేస్తూ ఉంటుంది. చరిత్రలో దాని స్థానం ఇక్కడ. అది ఆ పెన్సిల్‌కు వారసత్వమే, కాకపోతే దిద్దే మనిషి, అతని విచక్షణ అందులో లేవు.

4. పరదా వెనక స్టూడియో: హైదరాబాదు

తెలుగు నేలకు సంబంధించి ఈ చరిత్రలో ముఖ్యమైన పేరు రాజా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టిన ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫర్‌గా ఉన్నారు. ఆయనకు సికింద్రాబాదులో స్టూడియో ఉండేది. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసమే ప్రత్యేకంగా జనానా స్టూడియో ప్రారంభించారు. పరదా పాటించే ఇళ్ల స్త్రీలు పరపురుషుల ముందుకు రాకుండా ఫోటో తీయించుకోవడానికి దాన్ని ఏర్పాటు చేశారు. అక్కడ కెమెరా వెనక ఉన్నది కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ.

ఈ ఉదాహరణను మన విషయంతో కలిపి చూడాలి. పోర్ట్రెయిట్‌లో కూర్చున్న మనిషికి కెమెరా వెనక ఎవరున్నారు అన్నది ముఖ్యం. తెలియనివాళ్ల ముందు ముఖం బిగుసుకుంటుంది. జనానా స్టూడియో ఆ ఇబ్బందిని ప్రత్యేకమైన చోటు కట్టి తీర్చడానికి చూసింది. ఇంట్లో తీసే ఫోటోకు ఆ సౌకర్యం ఉచితంగా దొరుకుతుంది. అక్క చెల్లెలిని తీస్తుంది, మనవడు నాయనమ్మను తీస్తాడు. ఇంటి స్టూడియోకు ఉన్న నిజమైన బలం అదే. ఖరీదైన లైట్లు, రంగుల తెరలు దాని తరవాతే.

5. మొదటి దిద్దుబాటు వెలుతురే

రీటచింగ్ అవసరం ఎంత ఉంటుందన్నది చాలావరకు ఫోటో తీసేటప్పుడే నిర్ణయమవుతుంది. మధ్యాహ్నపు ఎండలో, మండువా ఇంటి నడిమధ్యలో నిలబెట్టి ఫోటో తీస్తే వెలుతురు నెత్తిమీద నుంచి పడుతుంది. కళ్లు గుంటల్లోకి పోతాయి, ముక్కు కింద నీడ మీసంలా పడుతుంది, చర్మం మీది ప్రతి గుంటా లోతుగా కనిపిస్తుంది. అదే మనిషిని వసారాలో, నేరుగా ఎండ పడని చోట, బయటి వెలుతురుకు ముఖం తిప్పి కూర్చోబెడితే సగం టచింగ్ అక్కడే అయిపోతుంది. మచ్చలు పోవు. కాని వాటి నీడలు తగ్గుతాయి.

దీనికి సూత్రం సులభం. మనిషికి వెలుతురు వచ్చే చోటు ఎంత పెద్దదిగా కనిపిస్తే నీడలు అంత మెత్తగా ఉంటాయి. పెద్ద కిటికీకి దగ్గరగా కూర్చుంటే వెలుతురు మృదువుగా ఉంటుంది. అదే కిటికీకి దూరం జరిగితే అది చిన్నదైపోయి నీడలు గట్టిపడతాయి. ఉత్తరం వైపు కిటికీలో మన ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ పడదు. అందుకే అక్కడి వెలుతురు స్థిరంగా ఉంటుంది. ఉత్తరపు కిటికీ లేకపోతే తెల్లటి పల్చటి పంచెను కిటికీకి అడ్డం కట్టవచ్చు.

ఇంట్లో తీసేవారు సాధారణంగా చేసే పొరపాట్లు నాలుగు.

ఒకటి, గదిలో ట్యూబులైటు ఆర్పకుండా కిటికీ వెలుతురులో తీయడం. రెండు రకాల వెలుతురు కలిస్తే ముఖంలో ఒక సగం ఒక రంగులో, మరో సగం మరో రంగులో వస్తుంది. తరవాత దాన్ని సరిచేయడం చాలా కష్టం.

రెండు, గోడ రంగును మరవడం. మన ఇళ్లలో ఆకుపచ్చ, నీలం, గులాబీ గోడలు ఎక్కువ. గోడకు ఆనుకుని కూర్చున్నవారి చెంప మీద ఆ రంగు పడుతుంది. గోడకు నాలుగడుగులు ఇవతలికి జరగడం, నీడ పడిన వైపు ఒక తెల్లటి థర్మాకోల్ షీటు నిలబెట్టడం ఇందుకు మందు. ఆ షీటు కిటికీ వెలుతురును వెనక్కి కొట్టి నీడను తేలిక చేస్తుంది.

మూడు, ఫోనును ముఖానికి మరీ దగ్గరగా పెట్టడం. దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ముక్కు పెరిగి, చెవులు వెనక్కి పోతాయి. ఇది కటకం తప్పు కాదు, దూరం తప్పు. అయిదారడుగుల దూరంలో నిలబడి, ఫోనులో రెండో కటకంతో గాని, తరవాత కత్తిరించుకుని గాని ముఖాన్ని పెద్దది చేసుకోవాలి. తన ముక్కు పెద్దదని బాధపడి కంప్యూటర్‌లో తగ్గించుకునేవారిలో కొందరికి కావలసింది దిద్దుబాటు కాదు, మూడడుగుల దూరం.

నాలుగు, కళ్లను మరవడం. ఫోకస్ దగ్గరి కన్ను మీద ఉండాలి. రెండు కళ్లలోనూ కిటికీ ప్రతిబింబం చిన్న వెలుగుచుక్కలా కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఆ చుక్క లేని కళ్లు ఎంత దిద్దినా నిర్జీవంగానే ఉంటాయి.

6. ఏది పోవాలి, ఏది ఉండాలి

ఫోటోషాప్ మొదటి రూపం 1990లో వచ్చింది. పక్కనున్న చర్మాన్ని తెచ్చి మచ్చ మీద అతికించి, రంగును, వెలుగును దానంతటదే కలిపేసే హీలింగ్ బ్రష్ అందులో 2002లో చేరింది. అంతకుముందు ఒక మనిషి నేర్చుకోవడానికి సంవత్సరాలు పట్టిన చేతిపని ఆ తరవాత కొన్ని క్షణాల పని అయింది. నేడు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలోనూ ఇలాంటి పరికరాలున్నాయి. పని సులువైనకొద్దీ ఎక్కడ ఆగాలో తెలియడం కష్టమైంది.

నేను విద్యార్థులకు చెప్పే సూత్రం ఒకటే: వచ్చి పోయేదాన్ని తీసేయవచ్చు, మనిషితో ఉండిపోయేదాన్ని ఉంచాలి. నిన్న రాత్రి లేచిన మొటిమ, దోమకాటు, పెదవి మీది పగులు, అద్దం మీది దుమ్ముచుక్క, ఎగిరి ముక్కు మీద పడిన వెంట్రుక ఇవన్నీ వచ్చి పోయేవి. పుట్టుమచ్చ, చిన్నప్పుడు పడిన దెబ్బగాటు, అమ్మవారి మచ్చలు, నవ్వినప్పుడు కళ్ల చివర పడే గీతలు, రంగు ఇవి ఉండేవి. మొటిమ మనిషి గురించి చెప్పేది ఏమీ లేదు, ఆ వారం గురించి చెబుతుంది. దెబ్బగాటు మనిషి గురించే చెబుతుంది.

చేసే విధానం గురించి మూడు మాటలు. మొదటిది, అసలు ఫోటో మీద ఎప్పుడూ పనిచేయకూడదు. వేరే పొర మీద దిద్దాలి. అప్పుడు చేసిన మార్పునంతటినీ ఒక్క క్లిక్కుతో తీసి, ముందూ వెనకా పోల్చుకోవచ్చు. రెండవది, చర్మాన్ని మసకపరిచి నున్నగా చేయకూడదు. చర్మానికి గరుకు ఉంటుంది, సన్నటి రంధ్రాలుంటాయి. అవి పోతే ముఖం ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. కళ్ల కింది నలుపును తగ్గించాలనుకుంటే పూర్తిగా చెరపకుండా, ఆ పొర గాఢతను సగానికి దించి చూడండి. చాలాసార్లు ఆ సగమే చాలు. మూడవది, ముఖం ఆకారాన్ని మార్చే పరికరాల జోలికి వెళ్లకూడదు. దవడను సన్నం చేయడం, కళ్లను పెద్దవి చేయడం దిద్దుబాటు కాదు. అది వేరే మనిషిని తయారుచేయడం.

ఈ చివరి అంశాన్ని కొన్ని దేశాలు చట్టం వరకు తీసుకువెళ్లాయి. మోడల్ శరీరాకృతిని మార్చిన వాణిజ్య ఫోటో మీద ఆ విషయాన్ని తెలపాలనే నిబంధన ఫ్రాన్స్‌లో 2017 నుంచి అమలులో ఉంది. నార్వేలో ఇలాంటి చట్టం 2022లో అమలులోకి వచ్చింది. ఇవి ప్రకటనలకు సంబంధించినవి. ఇంటి ఫోటోకు ఏ చట్టమూ ఉండదు, ఉండనక్కర్లేదు. అక్కడ విచక్షణే చట్టం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
3) తొలినాటి పలకల్లో ఎర్రటి మచ్చలు నల్లగా ఎందుకు పడేవి?
4) 'వచ్చి పోయేవి', 'ఉండిపోయేవి' అనే విభజనకు మీ ఇంట్లోవారి ముఖాల నుంచి మూడేసి ఉదాహరణలు రాయండి.

7. రంగు ప్రశ్న

తెలుగులో ఫోటోకు ఛాయాచిత్రం అని పేరు. ఛాయ అంటే నీడ, ప్రతిబింబం. మనిషి మేనిరంగును కూడా ఛాయ అనే అంటాం. మధ్యరకం రంగుకు చామనఛాయ అనే చక్కని మాట మనకుంది. కాని మన ఛాయాచిత్రాల్లో ముందుగా మారేది ఆ ఛాయే.

ఇందులో యంత్రానికీ భాగం ఉంది. రంగుల ఫిలిం ప్రింటు చేసేటప్పుడు సరిచూసుకోవడానికి ల్యాబుల్లో ఒక నమూనా ఫోటో ఉండేది. దాన్ని షర్లీ కార్డు అనేవారు. దాని మీద చాలా దశాబ్దాలు కనిపించినది తెల్లజాతి స్త్రీయే. ఆమె చర్మం సరిగా వస్తే ప్రింటు సరిగా వచ్చినట్టు లెక్క. భిన్నమైన మేనిరంగులున్న స్త్రీలను కలిపి చూపే కార్డులను కొడాక్ 1990లలో గాని తేలేదు. అంటే ఒక రంగును కొలబద్దగా పెట్టుకుని మిగతా రంగులను దానికి దూరంగానో దగ్గరగానో చూసే అలవాటు ల్యాబులోనే ఉంది.

మిగతా భాగం మనది. పెళ్లిసంబంధాల కోసం తీయించిన అమ్మాయి ఫోటోను రెండు పాళ్లు తెల్లబరచడం మన స్టూడియోల్లో మామూలు మర్యాదగా సాగింది. ఇప్పుడు ఆ పని ఇంట్లో ఫోన్ చేస్తోంది. ఆ ఫోటో చూసి వచ్చినవాళ్లు పెళ్లిచూపుల్లో అమ్మాయిని చూసి, ఫోటోను చూసి, మళ్లీ అమ్మాయిని చూసిన క్షణాన్ని అనుభవించిన ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆ క్షణంలో తప్పు చేసింది ఫోటో. తలవంచుకున్నది అమ్మాయి. ఆమె ముఖం మీద ఒక అబద్ధాన్ని అతికించి, ఆ అబద్ధానికి సరితూగలేదని ఆమెనే కొలిచాం. ఫర్వాలేదు, చిన్న దిద్దుబాటే కదా అనే మాట ఇక్కడ చెల్లదు.

నల్లటి, చామనఛాయ ముఖాలను బాగా తీయడం కష్టమని కొందరు అంటారు. అది సాంకేతికంగా సరైన మాట కాదు. కెమెరా తనంతట తాను చీకటిని సగటు వెలుగుకు, వెలుగును సగటు చీకటికి లాగడానికి చూస్తుంది. తెల్లగోడ ముందు నిలబెడితే గోడను చూసి ముఖాన్ని ఇంకా చీకటి చేస్తుంది. ముదురురంగు తెర వేసి, ముఖం మీద వెలుగును కొలుచుకుంటే ఆ చిక్కు ఉండదు. నల్లటి చర్మం మీద వెలుతురు మెరుపుగా నిలుస్తుంది. చెంప ఎముక, నుదురు, ముక్కు గీత ఆ మెరుపుతోనే రూపం కడతాయి. పక్క నుంచి వచ్చే కిటికీ వెలుతురులో ఆ ముఖానికి ఉండే లోతు తెల్లబరచిన ముఖానికి ఉండదు. తెల్లబరచడమంటే రంగు ఒక్కటే మార్చడం కాదు. ఆ మెరుపును, నీడను, వాటితోపాటు రూపాన్ని కూడా చెరపడం.

8. విమర్శకు ప్రమాణాలు

పై చర్చ నుంచి, ఒక పోర్ట్రెయిట్‌ను పరిశీలించడానికి నాలుగు ప్రశ్నలు తయారుచేసుకోవచ్చు.

(అ) వెలుతురు ఎటు నుంచి వస్తోంది, అది దేన్ని చూపుతోంది, దేన్ని దాస్తోంది?
(ఆ) దిద్దినది వచ్చి పోయేదా, ఉండిపోయేదా?
(ఇ) ఆ దిద్దుబాటును కోరినది ఎవరు? ఫోటోలో ఉన్న మనిషా, తీసినవారా, చూసేవారా?
(ఈ) ఆ మనిషిని ఎరిగినవారు ఫోటోను చూడగానే గుర్తుపడతారా? ఎరగనివారు ఫోటో చూసి, తరవాత మనిషిని చూస్తే గుర్తుపడతారా?

మూడో ప్రశ్న రెండోదాన్ని కొన్నిసార్లు మారుస్తుంది. కాలిన మచ్చ ఉన్న ఒక యువతి తన ఫోటోలో అది కనబడకూడదని కోరితే, అది ఉండిపోయేది కదా అని సూత్రం చెప్పే హక్కు మనకు లేదు. ముఖం ఆమెది. తనను ఎలా చూపుకోవాలో ఆమె నిర్ణయం. ఆమె కోరకుండా, ఆమె మేలు కోసమని మనం చెరిపితేనే తప్పు. అప్పుడు ఆ ముఖం సరిగా లేదని మనం తీర్పు చెప్పినట్టే. పోయినవారి విషయంలో అయితే అడగడానికి వారు లేరు. అటువంటప్పుడు చేయి ఇంకా వెనక్కి తీసుకోవాలి.

కామెరాన్ చిత్రాలను ఈ ప్రశ్నలతో చూస్తే హెర్షెల్ చిత్రం నాలుగింటికీ నిలుస్తుంది. మేరీ హిల్లియర్ మడోన్నా చిత్రాలు అందంగా ఉంటాయి కాని, మూడో ప్రశ్న దగ్గర మనల్ని ఆలోచనలో పడేస్తాయి. ఒక కళాకారిణి పని అంతా గొప్పదో, అంతా లోపమో అని తేల్చడం విమర్శ కాదు. ఏ చిత్రం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ తడబడిందో చెప్పగలగడమే విమర్శ.

మా అమ్మ పటం విషయానికి వస్తే, మనవరాలు అడిగిన తరవాత నేను ఆ గ్రూపు ఫోటోను స్కాన్ చేయించాను. నెగెటివ్ మీద పడిన గీతలు, బూజు చుక్కలు మాత్రం నేనే కూర్చుని తీసేశాను. మూడు సాయంత్రాలు పట్టింది. ఏది బూజు చుక్కో, ఏది అమ్మవారి మచ్చో తేల్చుకోవడానికి ఒక్కోసారి కళ్లు మూసుకుని ఆమె ముఖాన్ని గుర్తుచేసుకోవలసి వచ్చింది. ఇప్పుడు గోడకు రెండు పటాలున్నాయి. పాతదాన్ని తీసేయడానికి మా చెల్లెలు ఒప్పుకోలేదు, దానికి ఇన్నేళ్లు దండ వేశాం కదా అంది. ఆ మాటలోనూ న్యాయం ఉంది. మనవరాలు మాత్రం ఇప్పుడు ఎవరైనా వస్తే రెండో పటం చూపించి, ఈమే మా ముత్తవ్వ అని చెబుతుంది.

9. సారాంశం

ఇంట్లో పోర్ట్రెయిట్ తీయడం 19వ శతాబ్దం నుంచీ ఉంది. కామెరాన్ కోళ్ల గూటి స్టూడియో దానికి ప్రసిద్ధ ఉదాహరణ. రీటచింగ్ మొదట పలకల లోపాలను దిద్దడానికి ఉపయోగపడింది, తరవాత ముఖాలను దిద్దే అలవాటుగా స్థిరపడింది. మంచి వెలుతురు, తగిన దూరం ఉంటే రీటచింగ్ అవసరం చాలా తగ్గుతుంది. వచ్చి పోయేవాటిని తీసేయవచ్చు. ఉండిపోయేవాటిని, ముఖ్యంగా మేనిరంగును, ఆ మనిషి కోరకుండా మార్చకూడదు. ఎరిగినవారు గుర్తుపట్టడమే పోర్ట్రెయిట్‌కు చివరి పరీక్ష.

10. ముఖ్య పదాలు

పోర్ట్రెయిట్: ఒక వ్యక్తి ముఖాన్ని, వ్యక్తిత్వాన్ని ప్రధానంగా చూపే చిత్రం.
రీటచింగ్: తీసిన ఫోటోలో చేతితో గాని, కంప్యూటర్‌లో గాని చేసే దిద్దుబాటు. స్టూడియోల వాడుకలో టచింగ్.
కొలోడియన్ పద్ధతి: రసాయనం పూసిన గాజుపలక తడిగా ఉండగానే ఫోటో తీసి కడిగే పాత పద్ధతి.
పాంక్రొమాటిక్ పలక: కంటికి కనిపించే రంగులన్నిటికీ స్పందించే పలక.

11. నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1) జూలియా మార్గరెట్ కామెరాన్ పోర్ట్రెయిట్లను విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2) రీటచింగ్‌లో మేనిరంగును మార్చడం ఎందుకు సమస్య అవుతుందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1) జనానా స్టూడియో గురించి రాయండి.
2) ఇంట్లో కిటికీ వెలుతురుతో ఫోటో తీసేటప్పుడు జరిగే పొరపాట్లను వివరించండి.

III. అభ్యాసం
మీ ఇంట్లో పెద్దవారొకరిని అడిగి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఒక పోర్ట్రెయిట్ తీయండి. దాన్ని ఏమీ దిద్దకుండా ఒకటి, ఈ పాఠంలో చెప్పిన విధంగా దిద్ది ఒకటి సిద్ధం చేయండి. రెండింటినీ వారికే చూపించి, ఏది తనలా ఉందో అడగండి. వారు చెప్పిన జవాబును, దానితో మీరు ఏకీభవిస్తారో లేదో ఒక పేజీలో రాయండి.